తాగుడు జబ్బు - సర్కారు వైద్యం

సారా ఉద్యమం మీద చాలానే రాశారు. తాగినవాడి గురించి మాత్రం 'తాగుబోతు మొగుడు' అన్న ఒక్క మాటతో సరిపెట్టారు. ఆ మొగుడు చాలాచోట్ల మన వాడల కూలిమనిషే గనక, ప్రభుత్వం అతణ్ణి ఏ కళ్ళతో చూసిందో మేమే వెతుక్కోవాల్సి వచ్చింది.

మొదట చూసింది ఆబ్కారీ కన్ను. 1886 మద్రాసు ఆబ్కారీ చట్టంతో సారా కాచడం, అమ్మడం సర్కారు గుప్పిట్లోకి పోయాయి. రెండోది పోలీసు కన్ను. రాజాజీ 1937లో సేలంలో మొదలెట్టిన మద్యనిషేధం 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చింది, 1948కి మద్రాసు రాష్ట్రమంతా పాకింది. రాజ్యాంగం 47వ అధికరణం కూడా నిషేధానికి ప్రయత్నించమంది. అయినా మన సర్కారు మళ్ళీ వేలంపాటకే దిగింది. 1970-71లో 40 కోట్లకు అటూ ఇటూగా ఉన్న ఆబ్కారీ రాబడి 1991-92 నాటికి 800 కోట్లు దాటింది. మధ్యలో 1980లలో 'వారుణి వాహిని' పేరు పెట్టి సారాను పాకెట్లలో పోసి పల్లెపల్లెకూ తోలారు. పాట పాడుకున్నవాడు పెట్టుబడి రాబట్టుకోవాలి గదా! కూలి డబ్బులు చేతిలో పడే వేళకు పాకెట్టు ఎదురొచ్చేది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు, అక్షరాలు నేర్చుకుంటూనే, సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి సారా బంద్. 1995 జనవరి 16 నుంచి ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ నిషేధం తెచ్చింది. 1997లో చంద్రబాబు ప్రభుత్వం ఖజానా కష్టాలు చెప్పి ఎత్తేసింది.

ఇక్కడ మేం అడిగేది వేరే. ఏళ్ళతరబడి తాగిన ఒంటికి ఒక్కసారిగా మందు ఆగిపోతే చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, మతి చెదురుతుంది. వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు. ఆనాటి చర్చల్లో రాబడి ఉంది, దొంగసారా ఉంది, శిక్షలున్నాయి. ఈ వణికే చేతులు మాకు పెద్దగా కనపడలేదు. నిషేధం తప్పని మేం అనడం లేదు. ఆడవాళ్ళు గెలిచిన గెలుపది. ఆ గెలుపు వెనకాలే ఆసుపత్రి మంచం కూడా రావాల్సింది.

వైద్యం ఢిల్లీ నుంచి మరో దారిలో వచ్చింది. 1985-86 నుంచి సంక్షేమ శాఖ స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లిచ్చి డీ-అడిక్షన్ కేంద్రాలు నడిపించింది, 1988లో ఆరోగ్య శాఖ తన కార్యక్రమం పెట్టింది. ఇప్పుడా కేంద్రాలు సామాజిక న్యాయ శాఖ కింద ఉన్నాయి. ఎస్సీల సంక్షేమం చూసేదీ ఆ శాఖే. ఆ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన 2019 సర్వే ప్రకారం, మద్యానికి పూర్తిగా బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందింది. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందింది 180 మందిలో ఒక్కరు. మరుసటి ఏడు 272 జిల్లాల్లో 'నశా ముక్త్ భారత్' మొదలెట్టారు. ర్యాలీలు, ప్రతిజ్ఞలు బాగానే జరిగాయి.

మా వాడలో ఒకామెతో "అత్తా, మామను పెద్దాసుపత్రిలో చేర్పించు" అన్నాం. "పదిహేను దినాలు ఆడు మంచం మీదుంటే కుండలోకి గింజలు ఎవురు తెస్తారబ్బయా? తోడుగా నేను కూచుంటే నా కూలెవరిస్తారు?" అంది. ఆమె లెక్క మేం తప్పు పట్టలేకపోయాం.