చెప్పుల కాపలా

సంక్రాంతి సెలవులకి పిల్లల్ని విశాఖపట్నం తీసుకెళ్దామని మా యింట్లో నెల్లాళ్ళుగా మంతనాలు సాగుతున్నాయి. మావారి వంతు పని రెండు రోజుల్లో అయిపోయింది. రైలు టిక్కెట్లు కొన్నారు, సముద్రానికి దగ్గరగా ఒక గది మాట్లాడారు. "ఇంకేముంది, బట్టలు సర్దుకోవడమే" అన్నారు. ఆ "ఏముంది"లో ఏమేం ఉన్నాయో మీకు నేను వేరే చెప్పాలా? చిన్నాడికి నాలుగేళ్ళు, బయటి నీళ్ళు పడవు. పెద్దదానికి ఎనిమిది, ప్రయాణంలో పులిహోర తప్ప మరోటి ముట్టదు. జ్వరం మందు, తువ్వాళ్ళు, టోపీలు, ఇసక అంటుకుంటే మార్చడానికి రెండో జత, ఆ రెండో జతా తడిస్తే మూడో జత!

జాబితా రాసుకుంటూ ఉంటే మా అమ్మాయి వచ్చి భుజమ్మీద వాలి, "అమ్మా, నువ్వు కూడా మాతో నీళ్ళలోకి వస్తావా?" అనడిగింది. నేను తలెత్తకుండానే, "నేనొస్తే మీ చెప్పులెవరు చూస్తారే?" అనేశాను. అనేసి ఉలిక్కిపడ్డాను. ఆ మాట నాది కాదు, మా అమ్మది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

అసలు పిల్లాపాపల్తో సముద్రపొడ్డుకి సరదాగా వెళ్ళడం అనేది ఎప్పుడు మొదలైందా అని ఆలోచనలో పడ్డాను. మన పెద్దవాళ్ళకి సముద్రం సరదా కాదు. మాఘపౌర్ణమికో, గ్రహణానికో సంకల్పం చెప్పుకుని మునిగి రావడమే. పర్వదినం కాని రోజున సముద్రాన్ని తాకకూడదని కూడా అనేవారు. దొరలు మాత్రం పుట్టింది మొదలు కెరటాల్లో ఈదులాడారని మనమనుకుంటాం. అదేం కాదు. వాళ్ళని అటు నడిపించింది సరదా కాదు, డాక్టరు చీటీ!

1750లో రిచర్డ్ రస్సెల్ అనే ఇంగ్లీషు వైద్యుడు గ్రంథుల జబ్బులకి సముద్రపు నీరు దివ్యౌషధమని లాటిన్ భాషలో ఒక పుస్తకం రాశాడు. స్నానం చెయ్యమనడమే కాదు, ఆ నీళ్ళు తాగమని కూడా చెప్పాడు. తర్వాత ఆయన బ్రైటన్‌లో మకాం పెట్టాడు. అప్పటికది చేపలు పట్టుకు బతికే చిన్న ఊరు. ఆయన వెనకే డబ్బున్న రోగులూ చేరారు. చక్రాలున్న చెక్కగదిలో కూచుంటే గుర్రం నీళ్ళలోకి లాక్కుపోయేది. లోపలే బట్టలు మార్చుకుని, మెట్లు దిగాలి. కింద మొలలోతు నీళ్ళలో బలమైన ఆడవాళ్ళు నిలబడి, వచ్చిన దొరసానుల్ని పట్టుకు ముంచి లేపేవారు. బ్రైటన్‌లో మార్తా గన్ అనే ఆవిడ యీ పనికి పెట్టింది పేరు. 1726లో పుట్టి 1815 దాకా బతికింది. చూశారా, ఒకరి సముద్రస్నానం వెనక మరొకరి రెక్కల కష్టం అప్పట్నించే ఉంది!

1841లో లండన్ నుంచి బ్రైటన్‌కి రైలు పడింది. 1871లో బ్యాంకు సెలవుల చట్టం వచ్చింది. అలా సముద్రం రోగుల చేతుల్లోంచి, గొప్పవాళ్ళ చేతుల్లోంచి జారి మామూలు జనానికి అందింది. లాంకషైర్ నూలుమిల్లుల కథ మరీ చిత్రం. అదే, మన బజార్లని ముంచెత్తిన సీమగుడ్డ నేసిన ఊళ్ళు. 1921లో మనవాళ్ళు వీధుల్లో మంటలేసి తగలబెట్టిన గుడ్డ! అక్కడ ఒక్కో ఊళ్ళో ఏడాదికి ఒక వారం మిల్లులన్నీ మూసేసేవారు. ఊరు ఊరంతా రైలెక్కి బ్లాక్‌పూల్ సముద్రానికి పోయేది. ఆ వారానికి కూలి లేదు. అందుకని మనం చీటీలు కట్టుకున్నట్టు, ఏడాది పొడుగునా వారం వారం చిల్లర కూడబెట్టుకునేవారు.

సరే, బ్లాక్‌పూల్ చేరారు. మరి భోజనం? చాలా బసల్లో గది అద్దె మాత్రమే. ఎవరి సరుకులు వాళ్ళే కొనుక్కొచ్చి ఇస్తే, ఇంటావిడ ఎవరిది వాళ్ళకి విడివిడిగా వండిపెట్టేది. ఉప్పూ మిరియాల సీసాలు బల్లమీద పెట్టినందుకు కూడా బిల్లులో వేసేవాళ్ళని ఆ ఇంటావిడల మీద బోలెడు హాస్యం పుట్టింది. అదంతా బాగానే ఉంది. కాని తెల్లారగానే సంచీ పట్టుకుని అంగడికి పరిగెత్తింది ఎవరంటారు? ఏడాదంతా మగ్గం దగ్గరా పొయ్యి దగ్గరా నిలబడ్డ ఆ ఇల్లాలే మరి!

ఇక ఎండ సంగతి. ఆ రోజుల్లో దొరసానులు గొడుగుల చాటున దాక్కునేవారు. నల్లబడితే పొలంపని చేసుకునేదని అనుకుంటారని భయం. (ఈ భయం మనకేం కొత్త కాదు లెండి.) ఫ్రాన్సు దక్షిణ తీరానికి కలవారు వెళ్ళేది చలికాలంలోనే. వేసవి వచ్చేసరికి పెద్ద పెద్ద హోటళ్ళకి తాళాలు పడేవి. 1903లో నీల్స్ ఫిన్సెన్ అనే డాక్టరుకి కాంతితో చర్మక్షయకి వైద్యం చేసినందుకు నోబెల్ బహుమానం వచ్చింది. 1919లో అతినీలలోహిత కాంతితో పిల్లల్లో దొడ్డికాళ్ళ జబ్బు, అదే రికెట్స్, నయమవుతుందని జర్మనీలో రుజువు చేశారు. దాంతో తల్లులు పిల్లల్ని ఎండలోకి తోలడం మొదలెట్టారు. 1920లు గడిచేసరికి ఎండకి కమిలిన వొళ్ళే ఫ్యాషనైంది. చూడండి, సముద్రమూ మందుగానే వచ్చింది, ఎండా మందుగానే వచ్చింది. వినోదం తర్వాతి మాట.

అసలు మలుపు 1936. ఆ ఏడాది జూన్‌లో ఫ్రాన్సులో లియోన్ బ్లూమ్ ప్రభుత్వం పనివాళ్ళందరికీ ఏడాదికి 15 రోజులు జీతంతో సెలవిస్తూ చట్టం చేసింది. లియో లగ్రాంజ్ అనే మంత్రి రైలు ఛార్జీలో 40 శాతం తగ్గింపు టిక్కెట్టు పెట్టించాడు. పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడని వాళ్ళు లక్షలమంది ఆ వేసవిలోనే మొదటిసారి చూశారు. 1938లో బ్రిటన్‌లో కూడా జీతంతో సెలవుల చట్టం వచ్చింది.

ఎంత గొప్ప చట్టాలో! నేను మనస్ఫూర్తిగానే అంటున్నాను. కాని ఒక్క చిక్కుంది. జీతంతో సెలవు అంటే జీతం ఉన్నవాళ్ళకే కదా? ఇల్లాలికి జీతం లేదు, కనక సెలవూ లేదు. ఆవిడ పని ఆవిడతోపాటే రైలెక్కి వచ్చింది.

ఈ కిటుకు పట్టుకున్నవాడు చట్టసభలో లేడు, వ్యాపారంలో ఉన్నాడు. బిల్లీ బట్లిన్ అని. వర్షంలో సైతం పగలంతా బస గదిలోకి రానివ్వక, సముద్రపొడ్డున కుటుంబాలు పిల్లల్తో తడుస్తూ తిరగడం చూశాడట. 1936లోనే స్కెగ్‌నెస్ అనే చోట సెలవు శిబిరం తెరిచాడు. వారానికింతని కట్టేస్తే చిన్న గది, మూడు పూటలా భోజనం, ఆటపాటలు. పసిపిల్లల్ని చూసుకోడానికి మనుషులు. రాత్రి గదుల మధ్య తిరుగుతూ, ఏ గదిలో పసిబిడ్డ ఏడుస్తోందో తల్లికి కబురు పెట్టేవారు. ఒకరు వండి, ఒకరు వడ్డించి తెస్తే తాను కూచుని తినడం చాలామంది తల్లులకి అదే మొదలు.

వండినదెవరు, గదులు తుడిచినదెవరు అంటారా? ఎక్కువగా మరో ఆడవాళ్ళే. కాని వాళ్ళకి జీతముంది. అందుచేత అది పని అని అందరికీ తెలిసింది. ఇంట్లో చేస్తే అది పని కాదు, "ఏముంది".

తర్వాత 1950లో వ్లదిమీర్ రైట్స్ అనే ఆయన లండన్ నుంచి కోర్సికా దీవికి విమానం, డేరా, భోజనం అన్నీ కలిపి 32 పౌన్ల 10 షిల్లింగులకి యాత్ర వేశాడు. ఆ దారినే స్పెయిన్ తీరాలు నిండిపోయాయి. కొన్నాళ్ళకి వంటగది ఉన్న అద్దె వాటాలు వచ్చాయి. చవక, పిల్లలకి కావలసింది వండిపెట్టుకోవచ్చు అన్నారు. తిరిగి తిరిగి కథ పొయ్యి దగ్గరికే వచ్చింది. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది, అంతే తేడా!

మన దేశంలో కేంద్ర ప్రభుత్వోద్యోగులకి ప్రయాణ రాయితీ, అదే ఎల్.టి.సి., 1956లో వచ్చింది. మా నాన్నగారు అనంతపురంలో తపాలా ఉద్యోగి. ఆ రాయితీ పుణ్యమా అని 1988లో మేం విశాఖపట్నం వెళ్ళాం. సత్రంలో అమ్మ వత్తుల స్టవ్వు మీద వండింది. సాయంత్రం సముద్రానికి వెళ్ళాం. నాన్నగారూ, బాబాయీ, మేం పిల్లలం కెరటాల్లో గంటన్నర కేరింతలు. అమ్మ పొడి ఇసకలో మా అందరి చెప్పులూ వరసగా పేర్చుకుని, సంచీ వొళ్ళో పెట్టుకుని కూచుంది. నేను లాగితే, "నేనొస్తే చెప్పులెవరు చూస్తారే?" అంది. తిరుగు రైల్లో, "సముద్రం ఎలా ఉందమ్మా?" అని అడిగాను. "బాగుందే, ఒక్క చెప్పూ పోలేదు" అంది. మేమంతా పగలబడి నవ్వాం. అమ్మా నవ్వింది. ఆవిడకి మళ్ళీ సముద్రం చూసే యోగం పట్టలేదు. నవ్వడం మానేసి ఆలోచించడానికి నాకిన్నేళ్ళు పట్టింది.

ఎవరినీ తప్పు పట్టడం లేదు. నాన్నగారు ఒక్కసారి "నేను కూచుంటాను, నువ్వెళ్ళు" అని ఉంటే అమ్మ వెళ్ళేదేమో. ఆయనకి తోచలేదు, ఆవిడ అడగలేదు.

అందుకని నా జాబితా చింపేసి మళ్ళీ రాశాను. ప్రతి పని పక్కనా ఒక పేరు. మంచినీళ్ళు కాచి సీసాలు నింపేది ఎవరు, తడిబట్టలు పిండేది ఎవరు, నీళ్ళ దగ్గర చిన్నాడి చెయ్యి వదలకుండా పట్టుకునేది ఎవరు. మావారు చూసి, "ఇదేమిటి, ఆఫీసు డ్యూటీ చార్టులా ఉందే!" అన్నారు. "అవునండీ, డ్యూటీలే" అన్నాను.

"చెప్పులు గదిలోనే వదిలేసి వెళ్తే పోలా?" అన్నారు తెలివిగా.

"గది తాళం, ఫోన్లు, పొడిబట్టల సంచీ?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, కలం తీసుకుని, కాపలా పక్కన తన పేరు రాసుకున్నారు. మా అమ్మాయి ఆ కలం లాక్కుని దాని కింద వంకర అక్షరాలతో ఇంకో వరస చేర్చింది: "నీళ్ళలో మొదటి గంట అమ్మ."