కణజాల వర్ధనం
శామీర్‌పేట, మేడ్చల్ వైపు నర్సరీల్లో 'టిష్యూ మొక్కలు' అన్న మాట వింటాం, అంటే టిష్యూ కల్చర్‌తో పెంచినవి. హోటల్లో చెయ్యి తుడుచుకునేదీ టిష్యూయే, దుకాణంలో మెరిసే చీరా టిష్యూయే. ఈ మూడింటిలో పాత అర్థాన్ని నిలబెట్టుకున్నది చీరే. లాటిన్‌లో 'టెక్సెరె' అంటే నేయడం. దాన్నుంచి వచ్చిన ఫ్రెంచి మాట ఇంగ్లీషులో మొదట జరీతో నేసిన ఖరీదైన బట్టకు పేరయింది. 1800 ప్రాంతంలో బిషా అనే ఫ్రెంచి వైద్యుడు దాన్ని శరీర శాస్త్రంలో స్థిరపరిచాడు. మన పాఠ్యపుస్తకాలు నేతను వదిలి వలను పట్టుకున్నాయి: కణజాలం. సంస్కృత 'జాలం' అంటే వల, ఆపైన సమూహం. జాలరి, శబ్దజాలం, అంతర్జాలం, మన హైదరాబాదు ఇళ్ల జాలీ తలుపు, అన్నీ ఆ కుటుంబమే. నన్ను ఇంకా ఆకట్టుకునేది 'కల్చర్'కు పెట్టిన రెండో మాట, 'వర్ధనం'. పెంపకమూ అదే, పెరుగుదలా అదే. వృద్ధి, వర్ధిల్లు, చివరికి వడ్డీ కూడా ఆ ధాతువు సంతానమే. ప్రయోగశాలలో జరిగేదీ ఆ రెండే, పెంపకం, పెరుగుదల. మందుల కోసం గాజుపాత్రలో పెంచిన మొక్క కణాలు చాలాసార్లు ఆ మందు పదార్థాన్ని తక్కువే ఇస్తాయి. మల్లె జాతి పూల నూనెలో తొలుత గుర్తించిన మిథైల్ జాస్మొనేట్‌ను కొద్దిగా కలిపితే, పురుగు కొరికినప్పటిలాగే అవి రక్షణ రసాయనాల తయారీని పెంచుతాయి. యూ చెట్టు కణాల్లో క్యాన్సర్ మందు టాక్సాల్ దిగుబడిని అలాగే పెంచారు. బయోటెక్ సంస్థల జీనోమ్ వ్యాలీ ఉన్న ఈ శామీర్‌పేటలోనైనా బోర్డుల మీద 'టిష్యూ' అని సగం మాట రాయకండి, 'కణజాల వర్ధనం' అని నిండుగా రాయండి.