సయ్యద్ నయీముద్దీన్: ఒక డిఫెండర్‌కు దక్కని పేరు

సయ్యద్ నయీముద్దీన్ (జననం 1944, హైదరాబాద్) భారత ఫుట్‌బాల్ జట్టు మాజీ కెప్టెన్, డిఫెండర్, కోచ్. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో ఆయన నాయకత్వంలో భారత్ 1-0తో జపాన్‌ను ఓడించి కాంస్యం గెలిచింది. అయినా ఆ తరం హైదరాబాదీ ఆటగాళ్ళ మాట వస్తే ముందుగా నోట వచ్చేది ఫార్వర్డ్ మహమ్మద్ హబీబ్ పేరే.

దీనికి మూలం ఆటలోనే ఉంది. గోల్ కొట్టినవాడి పేరు తెల్లారి పేపర్లో వస్తుంది. గోల్ పడకుండా ఆపినవాడి పని లెక్కకు రాదు. ఫార్వర్డ్ బంతితో మీదికి దూసుకొస్తుంటే డిఫెండర్ తొందరపడి కాలు వేస్తే అతను పక్కనుంచి దాటిపోతాడు. ఒక్క అడుగు ఆలస్యమైతే షాట్ కొట్టేస్తాడు. ఆ అర సెకను కుదిరిందంటే గ్యాలరీకి కనిపించేది ఏమీ ఉండదు.

హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు పెద్ద చరిత్రే ఉంది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ టోర్నీ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన భారత జట్టు రక్షణ వరుసలో అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్ మన హైదరాబాద్ వాళ్ళే. అదే జట్టులోని ఫార్వర్డ్ తులసీదాస్ బలరాంను గుర్తుంచుకున్నంతగా వాళ్ళను గుర్తుంచుకోలేదు.

నయీముద్దీన్, హబీబ్ ఇద్దరూ 1966లో కోల్‌కతా క్లబ్ ఈస్ట్ బెంగాల్‌కు ఆడారు. 1977లో పెలేతో కోల్‌కతా వచ్చిన అమెరికా జట్టు కాస్మోస్ మీద అక్కడి మరో క్లబ్ మోహన్ బగాన్ తరఫున హబీబ్ గోల్ కొట్టాడు. ఆ మ్యాచ్ 2-2తో ముగిసింది. కోల్‌కతా హబీబ్‌ను 'బడే మియా' అని పిలుచుకుంది. ఆ అభిమానం ఆయనకు న్యాయంగా వచ్చిందే. మరో పేరున్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌నూ జనం ఎక్కువగా తలచుకునేది 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్‌లో దక్షిణ కొరియాపై కొట్టిన గోల్‌కే.

ఇటలీలో లెక్క వేరు. అక్కడ రక్షణ కూడా ఒక విద్య. డిఫెండర్ పావోలో మాల్దినీ ధరించిన 3వ నంబరు జెర్సీని ఏసీ మిలాన్ క్లబ్ ఆయన గౌరవార్థం పక్కన పెట్టింది. 2006లో ఫాబియో కన్నవారో డిఫెండర్‌గానే, మేటి ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అందుకున్నాడు. ఆ గౌరవంలో సగమైనా మనం నయీముద్దీన్‌కు ఇవ్వలేదు.

ఆయనకు 1970లో అర్జున, 1990లో కోచ్‌గా ద్రోణాచార్య అవార్డులు వచ్చాయి. ఫుట్‌బాల్‌లో రెండూ అందుకున్న మొదటి వ్యక్తి ఆయనే. 2005లో భారత్ దక్షిణాసియా జట్ల సాఫ్ ఛాంపియన్‌షిప్ గెలిచినప్పుడు కోచ్ కూడా ఆయనే.

 ఇంట్లో ఫుట్‌బాల్ మాట వచ్చినప్పుడు పిల్లలకు నయీముద్దీన్ పేరూ చెప్పండి. బ్యాంకాక్ కాంస్యం తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఇంకో పతకం రాలేదు.