బడి బెంగ తీర్చే బొమ్మల పుస్తకాలు

జర్మనీలోని సాక్సనీ, థురింజియా ప్రాంతాల్లో పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్ల నుంచీ ఒక ఆచారం ఉంది. బిడ్డ బడిలో చేరే రోజున, శనగల పొట్లంలా కొనదేలేట్టు చుట్టిన పెద్ద కాగితం పొట్లాన్ని మిఠాయిలతో నింపి చేతిలో పెడతారు. దాన్ని అక్కడివాళ్లు చక్కెర పొట్లం అంటారు. ఆ పొట్లాలు ఎక్కడినుంచి వస్తాయని పిల్లలు అడిగితే పెద్దలు ఒక కథ చెప్పేవారు. పంతులుగారి దగ్గర ఒక చెట్టుందట, దానికి ఈ పొట్లాలే కాస్తాయట. అవి బాగా పెరిగాయంటే పిల్లలు బడికి వెళ్లే వేళ అయినట్టే. 1852లో మోరిట్జ్ హేగర్ పేరుతో 'చక్కెర పొట్లం పుస్తకం' వెలువడింది. మొట్టమొదటిసారి బడికి వెళ్లే పిల్లలందరి కోసం అని దాని పేరులోనే ఉంది. 1928లో అల్బర్ట్ సిక్స్‌టస్ అక్కడి పిల్లల కోసం 'చక్కెర పొట్లాల చెట్టు' అనే బొమ్మల పుస్తకం రాశారు. బడి గడప తొక్కబోయే పసివాళ్ల కోసమే పుట్టిన పుస్తకాల్లో ఇవి చాలా పాతవి.

మనకీ ఇలాంటి ఆలోచన కొత్తది కాదు. విజయదశమికో వసంత పంచమికో బాసర వెళ్లి, అంత దూరం వెళ్లలేకపోతే ఊళ్లో గుడిలోనో ఇంట్లోనో, పళ్లెంలో పోసిన బియ్యం మీద బిడ్డ వేలు పట్టి అక్షరాలు దిద్దిస్తాం. తోటి పిల్లలకు పలకలు, బలపాలు, పప్పుబెల్లాలు పంచుతాం. చదువు తీపిగా మొదలవ్వాలన్న కోరిక సాక్సనీ తల్లికీ తెలుగు తల్లికీ ఒకటే. అయితే మిఠాయి నోట్లో కరిగిపోయాక, అమ్మ చేయి వదిలేశాక, ఆ బిడ్డ మనసులో ఏం జరుగుతుంది? పెద్దవాళ్లు ఆ ప్రశ్న అడగడానికి చాలా కాలం పట్టింది. బడి బెంగ పుస్తకాల చరిత్ర అంటే, పెద్దవాళ్లు పిల్లల భయాన్ని నిజమని ఒప్పుకోవడం నేర్చుకున్న చరిత్రే.

తల్లి ఒడి నుంచి బడి దాకా

వెనకటి వీధి బడి ఊరి మధ్యలోనే ఉండేది. పంతులుగారు తెలిసినవారు, పక్కన కూర్చునేది పక్కింటి పిల్లవాడు. బెత్తం భయం ఉండేది గానీ కొత్త చోటి భయం తక్కువ. చదువు అందరికీ తప్పనిసరి అయ్యాక, పెద్ద భవనాల్లో వయసుల వారీగా తరగతులు వచ్చాక, ఐదారేళ్ల పిల్లలు ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య పూటంతా గడపాల్సి వచ్చింది.

ఇంటికీ బడికీ మధ్య ఇలాంటి దూరాన్ని తగ్గించాలని మొదట గట్టిగా ప్రయత్నించినవారిలో ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ ఒకరు. జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో 1837లో చిన్నపిల్లల కోసం ఆటలతో నడిచే సంస్థను ప్రారంభించి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టారు. 1844లో ఆయన తెచ్చిన పుస్తకం తల్లుల కోసం. అందులో పాటలు, వేళ్లతో ఆడే ఆటలు, బొమ్మలు ఉన్నాయి. ఇంట్లో అమ్మ ఒడిలో ఆడిన ఆటే తరవాత బడిలోనూ ఎదురైతే పిల్లలకు అది పరాయి చోటు అనిపించదు. ఇంటికీ బడికీ నడుమ పుస్తకాన్ని వంతెనగా వేయవచ్చన్న ఆలోచనకు తొలి రూపాల్లో ఇదొకటి.

బడి లోపల ఏముంటుందో బొమ్మల్లో చూపించిన పుస్తకాల్లో జర్మన్ పిల్లలు తరతరాలుగా చదువుతున్నది 'కుందేళ్ల బడి'. స్వయంగా ఉపాధ్యాయుడైన సిక్స్‌టసే 1924లో దాన్ని రాశారు. బొమ్మలు ఫ్రిట్జ్ కోఖ్ గోథావి. కుందేలు పిల్లలు పొద్దున్నే బడికి వెళ్తాయి, మొక్కల సంగతులు నేర్చుకుంటాయి, ఈస్టర్ పండగ గుడ్లకు రంగులు వేస్తాయి, నక్క నుంచి తప్పించుకోవడం తెలుసుకుంటాయి. అల్లరి చేసిన పిల్లకు శిక్ష కూడా పడుతుంది. బడి ఎలా ఉంటుందో ఆ పుస్తకం చెప్పింది. బడికి వెళ్లే పిల్లకు ఎలా ఉంటుందో మాత్రం ఇంకా చెప్పలేదు.

పిల్లల మాట విన్నవాళ్లు

అమెరికాలో 1916లో రెండు పనులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండానే జరిగాయి. సామ్యూల్ మెక్‌కార్డ్ క్రోథర్స్ అనే మతబోధకుడు 'అట్లాంటిక్ మంత్లీ' పత్రికలో రాసిన వ్యాసంలో, మనసు బాధలకు పుస్తకాలను మందుగా ఇవ్వడం గురించి ముచ్చటిస్తూ ఆ పద్ధతికి బిబ్లియోథెరపీ అని పేరు పెట్టారు. అదే ఏడాది న్యూయార్క్‌లో లూసీ స్ప్రేగ్ మిచెల్ విద్యా ప్రయోగాల సంస్థ ఒకటి ప్రారంభించారు. అదే తరవాత బ్యాంక్ స్ట్రీట్ కాలేజీ అయింది.

మిచెల్ చిన్నపిల్లల పక్కన కూర్చుని వాళ్లు మాట్లాడుకునే మాటలు రాసుకునేవారు. పసివాళ్లకు రాజులూ రాక్షసులూ కాక ముందు తమ చుట్టూ ఉన్న లోకమే కథ కావాలన్నది ఆమె నమ్మకం. 1921లో వచ్చిన ఆమె 'హియర్ అండ్ నౌ స్టోరీ బుక్' ఆ నమ్మకంతో చేసినదే. అప్పట్లో జానపద కథలను ప్రేమించే గ్రంథపాలకులు కొందరికి ఇది రుచించలేదు. అయినా బ్యాంక్ స్ట్రీట్‌లో తయారైన రచయితలు ఆ దారి వదల్లేదు. వాళ్లలో ఒకరైన మార్గరెట్ వైజ్ బ్రౌన్ 1947లో 'గుడ్‌నైట్ మూన్' రాశారు. నిద్రపోవడమంటే పసివాళ్లకు రోజూ ఎదురయ్యే చిన్న ఎడబాటు. గదిలో ఉన్న ఒక్కో వస్తువునూ పలకరిస్తూ ఆ ఎడబాటును దాటించే పుస్తకం అది. పిల్లల రోజులో ఉన్న చిన్న చిన్న భయాలకు కథలో చోటుందని అది నిరూపించింది. బడి మొదటి రోజు కథకు దారి అక్కడ తెరుచుకుంది.

ఎడబాటుకు పేరు పెట్టిన కాలం

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 1939లో బ్రిటన్ నగరాల నుంచి లక్షలాది పిల్లలను బాంబు దాడులకు దూరంగా పల్లెలకు పంపారు. ప్రాణాలు దక్కుతాయన్నది నిజమే. కానీ అమ్మానాన్నలకు దూరమైన పిల్లలు ఎలా తల్లడిల్లారో వైద్యులు దగ్గరగా చూశారు. మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు రాసిన నివేదికలో, తల్లితో అనుబంధం పసివాళ్ల మానసిక ఆరోగ్యానికి ఎంత అవసరమో వివరించారు. మరుసటి ఏడాది ఆయన సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్, ఆస్పత్రిలో చేరిన రెండేళ్ల పాప మీద ఒక డాక్యుమెంటరీ తీశారు. అంతవరకూ ఏడవని పిల్లలను బుద్ధిమంతులని మెచ్చుకునేవారు. ఆ మౌనం వెనక ఎంత దిగులుందో ఆ చిత్రం చూపించింది. బిడ్డ పక్కన తల్లిదండ్రులను ఉండనివ్వాలని 1959లో ప్లాట్ నివేదిక బ్రిటన్ ఆస్పత్రులకు సిఫారసు చేసింది.

పిల్లల పుస్తకాలకూ ఈ గాలి తగిలింది. బడి గుమ్మం దగ్గర ఏడుపు మొండితనం కాదని, ప్రేమ ఉన్నచోట ఎడబాటు నొప్పి ఉండి తీరుతుందని పెద్దలకు అర్థమవుతూ వచ్చింది. 1967లో మిరియమ్ కోహెన్ రాసిన 'విల్ ఐ హావ్ ఎ ఫ్రెండ్?' ఆ మార్పుకు మంచి ఉదాహరణ. లిలియన్ హోబన్ బొమ్మలు వేశారు. జిమ్ అనే పిల్లవాడు నాన్నతో కలిసి బడికి నడుస్తూ అడిగే ప్రశ్నే పుస్తకం పేరు. తనకు అక్కడ స్నేహితుడు దొరుకుతాడా అన్నదే వాడి దిగులు. బడికి చేరాక అందరూ అప్పటికే జంటలు జంటలుగా ఆడుకుంటున్నట్టు వాడికి కనిపిస్తుంది. మాటలు కలిపే దారి తెలియదు. చివరకు ఒక చిన్న బొమ్మ లారీ పుణ్యమా అని పాల్ అనే పిల్లవాడు దగ్గరవుతాడు. పెద్ద సంఘటన ఏదీ లేదు. ఐదేళ్లవాడికి అదే పెద్ద సంఘటన అని గుర్తించడమే ఆ రచయిత్రి గొప్పతనం.

1973లో లండన్‌లో మరో మేలిమలుపు వచ్చింది. సూరినామ్‌లో పుట్టిన పెట్రొనెల్లా బ్రైన్‌బర్గ్ రాసిన 'మై బ్రదర్ షాన్'కు జమైకా నుంచి వచ్చిన ఎరల్ లాయిడ్ బొమ్మలు వేశారు. అందులో షాన్ అనే నల్లజాతి బాలుడు ఎన్నాళ్ల నుంచో బడికి వెళ్లాలని కలలు కంటాడు, తీరా గుమ్మంలోకి వెళ్లాక గుక్కపట్టి ఏడుస్తాడు. ఆ ఏడుపును లాయిడ్ పేజీ నిండా దాచకుండా గీశారు. అప్పటిదాకా బ్రిటన్ బొమ్మల పుస్తకాల్లో బడికి వెళ్లేది దాదాపు ఎప్పుడూ తెల్లపిల్లలే. తనలాంటి ముఖం పుస్తకంలో కనిపించినప్పుడే కథలోని ధైర్యం చదివే బిడ్డదీ అవుతుందని ఈ పుస్తకం చాటింది.

అరచేతిలో ముద్దు

1980ల్లో సూటిగా జరగబోయేది చెప్పే పుస్తకాలు వచ్చాయి. అమెరికా టీవీలో పిల్లల కార్యక్రమం నడిపిన ఫ్రెడ్ రోజర్స్, బాలల మనస్తత్వ నిపుణురాలు మార్గరెట్ మెక్‌ఫర్లండ్ దగ్గర ఏళ్ల తరబడి సలహాలు తీసుకున్నారు. ఆయన 1985లో తెచ్చిన 'గోయింగ్ టు డే కేర్'లో కల్పన లేదు, ఫొటోలే. బ్యాగు ఎక్కడ తగిలిస్తారు, ఎక్కడ తింటారు, ఎక్కడ పడుకుంటారు, అమ్మ ఎప్పుడు వస్తుంది అన్న వరస ఉంటుంది. బ్రిటన్‌లో అస్‌బోర్న్ సంస్థ కోసం ఆన్ సివార్డి రాయగా స్టీఫెన్ కార్ట్‌రైట్ బొమ్మలు వేసిన పుస్తకం కూడా ఆ కోవలోదే. పుటల్లో ఎక్కడో దాక్కున్న పసుపు పచ్చ బాతుపిల్లను వెతుకుతూ పిల్లలు భయాన్ని కాసేపు మరిచిపోతారు.

బడి బెంగ కథల్లో అమెరికాలో చాలామంది ఇళ్లలోకి వెళ్లినది ఆడ్రీ పెన్ రాసిన 'ది కిసింగ్ హ్యాండ్'. 1993లో దాన్ని ప్రచురించింది బాలల సంక్షేమం కోసం 1920 నుంచి పనిచేస్తున్న చైల్డ్ వెల్ఫేర్ లీగ్ ఆఫ్ అమెరికా. చెస్టర్ అనే రాకూన్ పిల్ల బడికి వెళ్లనని మారాం చేస్తుంది. తల్లి దాని అరచేతిలో ముద్దు పెట్టి, బెంగ కలిగినప్పుడల్లా ఆ చేయి చెంపకు ఆనించుకోమంటుంది. కథ చివర పిల్ల కూడా తల్లి అరచేతిలో ముద్దు పెడుతుంది. బిడ్డను వదిలి వచ్చిన తల్లికీ బెంగ ఉంటుందని ఆ ఒక్క పనితో చెప్పేశారు. పిల్లలు దుప్పటి అంచునో పాత బొమ్మనో పట్టుకుని తిరగడం వెనక, అమ్మ దగ్గర లేని వేళ ధైర్యం చెప్పుకునే పని ఉందని బ్రిటిష్ వైద్యుడు డొనాల్డ్ వినికాట్ 1950ల్లోనే వివరించారు. పోగొట్టుకోలేని, ఎవరూ లాక్కోలేని అలాంటి ఆధారాన్ని ఈ కథ పసివాళ్ల అరచేతిలోనే పెట్టింది.

2000లో జూలీ డానెబర్గ్ 'ఫస్ట్ డే జిట్టర్స్' రాశారు. పొద్దున్నే దుప్పటి కప్పుకుని బడికి రానని మొరాయించే మనిషి ఎవరో చివరి పేజీదాకా తెలియదు. ఆమె ఆ తరగతికి కొత్తగా వచ్చిన టీచరమ్మ! 2016లో ఆడమ్ రెక్స్ ఇంకొక అడుగు వేసి, కొత్తగా కట్టిన బడి భవనమే పిల్లలు వస్తున్నారని కంగారుపడే కథ రాశారు. అందరికీ ఉండే భయమే తనకూ ఉందని తెలిసిన బిడ్డకు సిగ్గు పోతుంది. 2001లో యాంగ్‌సూక్ చోయ్ రాసిన 'ది నేమ్ జార్'లో కొరియా నుంచి అమెరికా వచ్చిన అమ్మాయి తన పేరు చెప్పడానికే జంకుతుంది. పరాయి దేశంలో పిల్లలను బడిలో చేర్చిన తెలుగు కుటుంబాలకు ఆ జంకు బాగా తెలుసు.

ఇన్ని దేశాల, ఇన్ని కాలాల పుస్తకాలను వరసగా చూస్తే అవి పనిచేసే తీరు తెలుస్తుంది. మొదట భయాన్ని ఉన్నదున్నట్టు చెబుతాయి, ఏమీ కాదులే అని కొట్టిపారేయవు. తరవాత రోజు ఎలా సాగుతుందో ముందే చూపిస్తాయి. పట్టుకోవడానికి ఒక స్నేహమో, గుర్తో, ఆటో ఇస్తాయి. ఈ పుస్తకాల్లో కొన్నిటి ముగింపు ఇంటికి తిరిగి రావడమే. బడి మొదటి వారంలో పసివాడు అడిగే అసలు ప్రశ్న అమ్మ మళ్లీ వస్తుందా అన్నదే. అలాంటి కథను పదిసార్లు చదివించుకున్నవాడు అమ్మ పదిసార్లు తిరిగి రావడం చూస్తాడు. అందుకే ఈ పుస్తకాలను బడిలో చేర్చే ముందురోజు రాత్రి హడావుడిగా చదవడం కంటే, కొన్ని వారాల ముందు నుంచే, బిడ్డ అడిగినన్నిసార్లు చదవడం మేలు.

మన పిల్లల కోసం

భయం లేని బడి గురించి మన దేశంలో ఆలోచించినవాళ్లు లేకపోలేదు. గిజూభాయి బధేకా 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో బాలమందిరం ప్రారంభించి, దండన లేకుండా కథలతో, ఆటలతో చదువు చెప్పవచ్చని చూపించారు. ఆయన 'దివాస్వప్నం' తెలుగులోనూ ఉంది. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం అంగన్‌వాడీలను తెచ్చింది. మన పల్లెల్లో చాలామందికి అమ్మను వదిలి కూర్చునే తొలి చోటు అదే. 2009 విద్యాహక్కు చట్టం బడిలో పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. పుస్తకాల వైపు చూస్తే, సికింద్రాబాద్ నుంచి 'మంచి పుస్తకం' చక్కని బాలల పుస్తకాలు తెలుగులో తెస్తోంది. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు.

అయినా, జూన్‌లో బడులు తెరిచే వేళకు తెలుగు తల్లి చేయి చాపి అందుకునేటన్ని బడి బెంగ కథలు మన దగ్గర లేవు. అల్లరి చేస్తే బడిలో పడేస్తానని బెదిరించే ఇళ్లు మాత్రం ఇంకా ఉన్నాయి. ఏడాది పొడుగునా బడిని బూచిగా చూపించి, జూన్‌లో బిడ్డ ఏడుస్తుంటే విసుక్కోవడం న్యాయం కాదు. మన రచయితలు, చిత్రకారులు ఈ పని చేపట్టాలి. అంగన్‌వాడీ టీచరమ్మ, గుడ్డు వడ్డించే ఆయమ్మ, ఆటోలో ఇరుక్కుని కూర్చున్న పిల్లలు, చెట్టు కింద గేటు దగ్గర నిలబడ్డ నానమ్మ ఆ బొమ్మల్లో ఉండాలి. ఇంట్లో లంబాడీ, గోండి, కోయ మాటలు మాట్లాడే పిల్లకు తరగతిలో తెలుగే కొత్త భాష. ఆ పిల్లకూ ఒక కథ కావాలి. కూలి పనికి పొద్దున్నే వెళ్లిపోయే అమ్మ సాయంత్రం తప్పక వస్తుందని చెప్పే కథ కావాలి. ఏడ్చే పిల్లవాణ్ని ఎవరూ వెక్కిరించని కథ కావాలి. మన బిడ్డల భయాన్ని మనం నిజమని ఒప్పుకుంటే, ఆ పుస్తకాలు రాయడం కష్టమైన పనేమీ కాదు.