రాతి గిర్జా

హుగ్లీ నదీతీరమున గార్డెన్ రీచ్ నుండి ఎగువకు పోయినచో, నగరపు నడిబొడ్డున, రాజభవనమునకు సమీపమున, చెట్ల నీడలో ఒక తెల్లని దేవాలయము కానవచ్చును. అది సెయింట్ జాన్స్ చర్చి. ఆంగ్లేయులు దానికి పెట్టిన పేరు అది. వంగీయులు పెట్టుకొన్న పేరు ‘పాథురే గిర్జా’, అనగా రాతి గిర్జా. ఇటుకతో కట్టుటయే ఆచారమైన వంగదేశమున రాయి అరుదు. కావుననే ఆ రాయియే ఆ కట్టడమునకు పేరైనది. ఆ రాయి ఎచ్చటినుండి వచ్చినదను ప్రశ్నలోనే ఈ చర్చి చరిత్రలోని సారమంతయు ఇమిడియున్నది.

ఇట్టి చర్చి స్వరూపమును గ్రహించుటకు మధ్యయుగపు ఇంగ్లండును ఒకమారు తలచుకొనవలెను. అచ్చట ఒక గ్రామమునకో, పట్టణమందలి ఒక పేటకో ఏర్పడిన మతసమాజమునకు పారిష్ అని పేరు. పారిష్ చర్చి కేవలము ప్రార్థనాస్థలము కాదు. ఊరివారి పుట్టుక, పెండ్లి, మరణము అన్నియు దాని నీడలోనే జరిగెడివి. మన ఆలయములకు గర్భాలయము, ముఖమండపము ఉన్నట్లే, దానికిని రెండు భాగములు కలవు. తూర్పున బలిపీఠముండు చాన్సెల్, దానికి పడమట జనులు కూర్చుండు నేవ్. చాన్సెల్ మరమ్మతు మతాధికారి బాధ్యత. నేవ్ మరమ్మతు ఊరివారి బాధ్యత. పడమటి కొసన గంటగోపురము, చుట్టును శ్మశానవాటిక, గోడలపై మృతుల స్మారకఫలకములు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట గుండ్రని కమానులు, లావైన స్తంభములు ప్రబలినవి. 12వ శతాబ్ది చివర మొనదేలిన కమానుల గోథిక్ పద్ధతి వచ్చినది. శైలి మారినను, ఊరివారు చందాలెత్తి తమ చర్చిని తామే నిలుపుకొను సంప్రదాయము మారలేదు. ఆ సంప్రదాయమే ఓడలెక్కి కలకత్తాకు వచ్చినది.

కంపెనీవారి తొలి చర్చి సెయింట్ ఆన్స్. అది 1709లో పాత విలియం కోటచెంత ప్రతిష్ఠితమైనది. 1737లో వచ్చిన పెనుతుఫానులో దాని శిఖరము కూలినది. 1756లో సిరాజుద్దౌలా నగరమును ముట్టడించినప్పుడు చర్చియే నాశనమైనది. తరువాత దాదాపు ముప్పది సంవత్సరములు, ప్లాసీ యుద్ధము గెలిచి వంగరాజ్యమునేలిన కంపెనీవారికి రాజధానిలో తగిన చర్చి లేకుండెను.

1783లో నూతన నిర్మాణమునకు ఒక సంఘమేర్పడెను. ద్రవ్యసేకరణకు లాటరీ నడపిరి. స్థలమునిచ్చినవాడు మహారాజా నవకృష్ణదేవ్. శోభాబజారు రాజగృహమున దుర్గాపూజను వైభవముగా నెలకొల్పిన హైందవ ప్రభువు. 1784 ఏప్రిల్ 6వ తేదీన వారన్ హేస్టింగ్సు ఆధ్వర్యమున శంకుస్థాపన జరిగెను. ఇంజనీరుగానుండిన లెఫ్టినెంటు జేమ్స్ ఆగ్ నిర్మాణమును నడిపెను. 1787 జూన్ 24వ తేదీన, బాప్తిస్మమిచ్చు యోహాను పండుగనాడు, చర్చి ప్రతిష్ఠింపబడెను.

ఇక రాయి సంగతి. అది మాల్దా ప్రాంతమందలి గౌడనగర శిథిలములనుండి పడవలపై వచ్చినది. గౌడము సామాన్యమైన ఊరు కాదు. సేనరాజుల కాలమున లక్ష్మణావతి. పిమ్మట వంగ సుల్తానుల రాజధాని. 1575లో వచ్చిన మహమ్మారి దానిని నిర్జనము గావించెను. నాటినుండి చుట్టుప్రక్కల పట్టణములవారు దాని ఇటుకలను, రాళ్లను పెరికి తీసికొనిపోవుచునే యుండిరి. ఆ గౌడ సమీపముననే పాండువాలో 14వ శతాబ్దిలో కట్టిన ఆదీనా మసీదునందు పూర్వపు దేవాలయముల చెక్కడపు రాళ్లు నేటికిని కానవచ్చును. హిందూ ప్రభువిచ్చిన నేలపై, సుల్తానుల నగరపు రాళ్లతో, క్రైస్తవుల చర్చి లేచినదని చెప్పుట వినసొంపుగానే యుండును. కాని ఆ రాళ్లను అడిగి తీసికొన్నవారు లేరు, ఇచ్చినవారును లేరు. ఒక నగరము దిక్కులేనిదైనప్పుడు దాని సొత్తు బలవంతునిదైనది.

ఈ దోషమును పరదేశీయులకే అంటగట్టుట న్యాయము కాదు. అదే 18వ శతాబ్ది చివర మన కృష్ణాతీరమున అమరావతి స్తూపమునకు పట్టిన గతియు ఇట్టిదే. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు నూతన నగరమును నిర్మింపజేయునప్పుడు స్తూపపు దిబ్బనుండి రాళ్లు తీయించిరి. కొన్ని చలువరాతి పలకలు సున్నమునకై కాల్చబడినవి. కర్నల్ మెకంజీ వచ్చి చూచి చిత్రములు వ్రాయించుటచేతను, తరువాతివారు మిగిలిన శిల్పములను చెన్నపట్టణమునకును లండనునకును తరలించుటచేతను, నేడు మనకు ఆ స్తూపము ముక్కలుగానైనను తెలియుచున్నది. ప్రాచీన కట్టడముల రక్షణకు సమగ్రమైన శాసనము 1904లో గాని రాలేదు.

సెయింట్ జాన్స్ రూపము మధ్యయుగపు గోథిక్ కాదు. లండనులో జేమ్స్ గిబ్స్ 1726లో ముగించిన సెయింట్ మార్టిన్-ఇన్-ది-ఫీల్డ్స్ చర్చి దీనికి మాదిరి. ఆ స్థలమున 13వ శతాబ్దినాటికే ఒక పారిష్ చర్చి యుండెను. గిబ్స్ దాని స్థానమున గ్రీకు, రోమను పద్ధతి స్తంభములను నిలిపి, వానివెనుక పూర్వాచారము ననుసరించి ఎత్తైన శిఖరమునుంచెను. కలకత్తా కట్టడమునను అదే కలయిక: క్రింద స్తంభముల మండపము, పైన ఆంగ్లదేశపు పల్లెను స్మరింపజేయు శిఖరము. లోపల జొఫానీ చిత్రించిన ‘కడపటి విందు’ కలదు. అందలి ముఖములకు నాటి నగరవాసులే నమూనాలు.

ఆవరణము చర్చికంటె పురాతనము. అది అంతకుముందే శ్మశానభూమి. నగరస్థాపకుడని ప్రసిద్ధికెక్కిన జోబ్ చార్నాక్ సమాధి ఇచ్చటనే కలదు. దాని ఫలకము చెన్నపట్టణము దరినున్న పల్లావరమునుండి వచ్చినదని తలంపబడుచున్నది. 1893లో భూగర్భశాస్త్రజ్ఞుడు హాలండ్ దానిని పరిశీలించి, ఆ జాతి రాతికి చార్నకైట్ అని నామకరణము చేసెను. తూర్పుకనుమలయందు విస్తారముగా లభించు రాళ్లలో అదియు ఒకటి. విశాఖపట్టణము దాటి అరకుదారిన కనుమలెక్కు ప్రయాణికుడు చూచు కొండరాళ్లలో ఒకదాని పేరు ఈ కలకత్తా సమాధినుండి పుట్టినదే.

చక్రవర్తి ఫరూక్‌సియర్‌కు చికిత్స చేసిన వైద్యుడు హామిల్టన్ సమాధియు ఇచ్చటనే యున్నది. నగరము నడుమ కర్జన్ నిలిపిన ‘బ్లాక్ హోల్’ స్మారకము, సుభాష్‌చంద్ర బోసు ఉద్యమము ఫలితముగా 1940లో తొలగింపబడి ఈ ఆవరణమునకే చేరినది. వీథిలో నుండి ప్రజలను నొప్పించిన రాయి ఇచ్చట చరిత్రసాక్షిగా మౌనము వహించినది.

1847లో సెయింట్ పాల్స్ కథీడ్రల్ పూర్తియగువరకు సెయింట్ జాన్స్ చర్చియే బిషప్పు పీఠము. మేజర్ ఫోర్బ్స్ కట్టిన ఆ కథీడ్రల్ గోథిక్ పద్ధతిది. 1897 భూకంపమున దాని శిఖరము దెబ్బతినెను. 1934 భూకంపమున మరల కూలెను. పిమ్మట కాంటర్‌బరీ కథీడ్రల్ గోపురపు పోలికతో నేటి గోపురమును కట్టిరి. మధ్యయుగపు ఇంగ్లండు కలకత్తా ఆకాశమున అట్లు శాశ్వతమైనది.

గార్డెన్ రీచ్ నందలి ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయమునకు ఉద్యోగార్థమై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు ఈ నగరమునకు క్రొత్తవి కావు. ఒక దేశపు ఆచారము మరియొక నేలపై వేరూనుట యెట్టిదో వానికి చెప్పవలసిన పనిలేదు. పారిష్ వారు చందాలెత్తినట్లే, ప్రవాసాంధ్రులును చందాలెత్తి ఉత్సవములు జరుపుకొనుచుందురు. ఆ చర్చి గోడలు నేర్పు పాఠము రెండువిధములు. తన ఊరి రూపమును పరాయినేలపై నిలుపుకొనుట మానవునకు సహజము, గౌరవప్రదము. కాని అందుకై మరియొక ఊరి జ్ఞాపకమును కూల్చకుండుట ధర్మము. పిల్లలతో ఒక సెలవుదినమున ఆ ఆవరణమునకు వెళ్లువారు శిఖరముతోపాటు రాతిని గూడ చూతురుగాక.