కలమజూ ఇచ్చిన మాట

జూన్ వచ్చిందంటే మన సంఘాల్లో కాలేజీ ఫీజు అప్పులే అప్పులు. తీర్మానాల పుస్తకం తిరగేస్తే ఆ నెలల్లో వేరే మాటే ఉండదు. అందుకే ఈసారి నివేదికలో, పిల్లల కాలేజీ ఫీజు ముందే కట్టేస్తామని మాట అందుకున్న ఒక ఊరి చరిత్ర రాస్తున్నాం. ఆ ఊరు అమెరికాలో, మిచిగన్ రాష్ట్రంలో ఉంది. పేరు కలమజూ.

ఒకప్పుడు అది కాగితం మిల్లుల ఊరు. మందుల కంపెనీ ఉండేది, గిటార్లు చేసే పేరున్న ఫ్యాక్టరీ ఉండేది. 1984లో గిటార్ల ఫ్యాక్టరీ మూతపడింది. మిల్లులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మందుల కంపెనీ చేతులు మారి ఉద్యోగాలు తగ్గాయి. కాస్త డబ్బున్నవాళ్లు ఊరి అంచులకు తరలిపోయారు, ప్రభుత్వ బడుల్లో పిల్లలు తగ్గిపోయారు.

2005 నవంబర్ 10న స్కూలు బోర్డు సమావేశంలో, బడుల సూపరింటెండెంట్ జానిస్ బ్రౌన్ ఒక కబురు చెప్పారు. 2006 నుంచి ఊరి ప్రభుత్వ హైస్కూళ్లలో చదువు పూర్తిచేసే పిల్లలకు, రాష్ట్రంలోని ప్రభుత్వ కాలేజీల ఫీజు కొందరు దాతలు కడతారని. దాతలు తమ పేర్లు చెప్పొద్దన్నారు. శిలాఫలకం లేదు, శాలువా లేదు, ఫొటో లేదు. వెళ్లి దండం పెట్టాల్సిన గుమ్మమూ లేదు.

మమ్మల్ని ఎక్కువ ఆకట్టుకున్నవి దాని నియమాలు. ఆదాయ సర్టిఫికెట్ అడగరు. ఇంత ర్యాంకు రావాలనరు. ఆ ఊళ్లో కాపురం ఉండాలి, ఆ ఊరి ప్రభుత్వ బడిలో చదవాలి, అంతే. చిన్న తరగతి నుంచీ అక్కడే చదివితే ఫీజు మొత్తం కడతారు. తొమ్మిదో తరగతిలో చేరితే 65 శాతం. ఆ తర్వాత చేరినవాళ్లకు ఏమీ రాదు. కాలేజీలో చేరాక మాత్రం కనీస మార్కులు నిలబెట్టుకోవాలి. ఇంకో సంగతి, ఈ సాయం వాడుకోవడానికి 10 ఏళ్ల గడువు ఇచ్చారు. పెళ్లయ్యో, బిడ్డ పుట్టో చదువు ఆపేసిన పిల్ల గడువులోపు మళ్లీ చేరొచ్చు. మన దగ్గర ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చి ఎందరో పిల్లలు చదివారు, కాదనం. కానీ దానికి ఆదాయ పరిమితి ఉంది, ఏటా కాగితాల కోసం తిరగడమూ ఉంది. కలమజూలో ఒకటో తరగతి పిల్లకే తన ఫీజు సంగతి తెలుసు. తల్లి అప్పుడే లెక్క వేసుకోవచ్చు.

ఫలితం కనబడింది. 10,000 దాకా పడిపోయిన బడి పిల్లల సంఖ్య పదేళ్లలో 12,000 దాటింది. ఆ ఊళ్లోనే ఉన్న అప్‌జాన్ సంస్థ ఆర్థికవేత్తలు లెక్క తీస్తే, డిగ్రీగానీ సర్టిఫికెట్ కోర్సుగానీ పూర్తిచేసేవాళ్లు దాదాపు మూడో వంతు పెరిగారు. ఆడపిల్లలకు ఎక్కువ మేలు జరిగిందని కూడా వాళ్ల లెక్కే.

అయినా చేరినవాళ్లంతా చివరిదాకా చదవలేదు. ఫీజు కడతారు సరే, గది అద్దె, తిండి, పుస్తకాలు ఎవరు చూడాలి? మన పెద్దల కాలంలో ఇది తలకిందులుగా ఉండేది. పేద విద్యార్థి వారాలు చేసుకుని, రోజుకొక ఇంట భోంచేసి చదువుకునేవాడు. అన్నం ఊరు పెట్టేది, ఫీజు తిప్పలు వాడివి. ఆ వారాలు ఆడపిల్లలకు ఎక్కడివి? అన్ని కులాల మగపిల్లలకూ దొరకలేదు.

దాత చేతిలోనే పగ్గాలు ఉంటే ఏమవుతుందో చెప్పే ఊరు ఇంకొకటుంది. అమెరికాలోనే ఆరెగన్ రాష్ట్రంలో ఫిలొమత్ అనే చిన్న ఊరు, అడవి కలప మీద బతికింది. కలప వ్యాపారి రెక్స్ క్లెమెన్స్ దంపతులు 1959లో నిధి పెట్టి, ఊరి హైస్కూలు పిల్లల కాలేజీ ఫీజులు ఇస్తూ వచ్చారు. కలప పని తగ్గింది, కొత్తవాళ్లు వచ్చి చేరారు. బడి నడిపే తీరు నిధి పెద్దలకు నచ్చలేదు. 2000 తర్వాత తగువు ముదిరి, కలప, వ్యవసాయం లాంటి పనులు చేసే కుటుంబాల పిల్లలకే ఇస్తామన్నారు. నలభై ఏళ్లు అందరిదీ అనుకున్నది కొందరిదైపోయింది.

మన సమాఖ్యలో విద్యా నిధి పెడదామని ఎవరైనా అంటే, డబ్బు పోగయ్యేలోపే నియమాలు రాసి మహాసభలో ఆమోదించుకోవాలని మా అభిప్రాయం. మార్చాలంటే మళ్లీ మహాసభే మార్చాలి. ఆ కాగితం ప్రతి గ్రామ సంఘం గోడ మీదా ఉండాలి, ఆరో తరగతి పిల్ల చదివి అమ్మకు చెప్పగలిగేంత సులువుగా.