పురపాలక ఋణపత్రములు, పనుల గుత్తలు

పట్టణమునకు నీటిగొట్టములు వేయవలెనన్నను, మురుగుకాలువలు త్రవ్వవలెనన్నను, ఖర్చు నేడే పెట్టవలెను, ఫలము ముప్పది నలువది యేండ్లు దక్కును. కావున దాని వెలనంతయు నేటి పన్నుదారుచేతనే కట్టించుట న్యాయము కాదనియు, రేపటివాడును భారము పంచుకొనవలెననియు తోచిన యూహనుండి పుట్టినదే పురపాలక ఋణపత్రము. కాని తాకట్టు లేక అప్పు పుట్టదు. నూరేండ్లకు పైబడిన మన దేశపు పురపాలక ఋణచరిత్ర, నిజమునకు, పట్టణములు తాకట్టు పెట్టిన వస్తువుల చరిత్రయే.

వైస్రాయి రిపన్ ప్రభువు 1882 నాటి తీర్మానముతో స్థానిక స్వపరిపాలనకు తలుపు తెరచెనే గాని, ఖజానా తాళపుచెవి సర్కారు మొలనే యుండెను. 1914 నాటి స్థానిక సంస్థల ఋణముల చట్టము ననుసరించి సంఘము తన నిధులనే హామీగా చూపి అప్పు చేయవచ్చును. అందుకు సర్కారు అనుమతి కావలెను, బాకీ తీరనిచో ఆ నిధులు జప్తునకు లోనగును. కలకత్తా, బొంబాయి వంటి మహానగరములు డిబెంచర్లు అమ్ముకొనగలిగినను, చిన్న పట్టణములకు సర్కారే సాహుకారు. స్వాతంత్ర్యానంతరము జీవిత బీమా సంస్థయు, పిదప గృహనిర్మాణమునకు, పట్టణాభివృద్ధికి అప్పులిచ్చు కేంద్ర ప్రభుత్వ సంస్థయగు హడ్కోయు అప్పులిచ్చినవి గాని, అవియు రాష్ట్ర ప్రభుత్వపు హామీని చూచి యిచ్చినవే. 1992లో ఆమోదము పొందిన 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంఘములకు స్థిరత్వము నొసగెను. పన్ను వేయు హక్కును మాత్రము శాసనసభల దయకే విడిచెను.

1997లో బెంగుళూరు నగరపాలక సంస్థ 125 కోట్ల రూపాయల ఋణపత్రములు జారీచేసినను, దాని వెనుక రాష్ట్రపు హామీ యుండెను. అసలైన మలుపు అహమ్మదాబాదుది. కొన్నియేండ్ల ముందువరకు లోటులో మునిగియున్న ఆ నగరము, కేశవ వర్మ కమిషనరుగా నున్న కాలమున నగరములోనికి వచ్చు సరుకుపై సుంకము వసూలుచేయు నాకాలయందు సరుకు విలువ కట్టు పద్ధతిని చక్కబరచి, ఆస్తిపన్ను మొండిబకాయీదారులపై కఠినముగా నడచి, మిగులులోనికి వచ్చెను. 1996లో ఋణార్హతను అంచనావేయు క్రిసిల్ సంస్థచే తన పరపతిని తూకము వేయించుకొని, 1998 జనవరిలో సర్కారు హామీ యేమియు లేకుండ 100 కోట్ల రూపాయలను నూటికి 14 వంతున బజారులో తెచ్చుకొనెను. అది తాకట్టు పెట్టినది భవనములను గాదు, భూములను గాదు. పది నాకాల దినసరి వసూలును! ఆ సొమ్ము ముందుగా ప్రత్యేక ఖాతాలో పడి, ఋణదాతల వంతు తీరిన పిమ్మటనే నగరమునకు చేరవలెను. లారీవానిని గంటలకొలది నిలిపి విసిగించిన నాకా, నగరమునకు మంచినీరు తెచ్చు అప్పునకు పూచీదారు అగుట వింతయే గదా! 2007లో గుజరాతు ఆ సుంకమునే ఎత్తివేసెను.

ఇక, అట్లు తెచ్చిన అప్పు ఖర్చగు గుత్తల సంగతి. ఋణదాత చూచునది వసూలు ఖాతానే. జరిగిన పనిని లెక్కవ్రాయు ఇంజనీరు చేతిలోని కొలతల పుస్తకము వాని కంటబడదు. ధరావతు కట్టి, సీలు వేసిన కవరును టెండరు పెట్టెలో వేయు దినములలో, గుత్తదారులు కలసికట్టుగా పనులు పంచుకొనుటయు, పరాయివానిని పెట్టె దాపునకు రానీయకుండుటయు మన జిల్లాలలో నెరుగనివారు లేరు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2003 నుండి టెండర్లను కంప్యూటరు మార్గమున పిలువసాగిన పిమ్మట పెట్టె చుట్టు గుంపు తొలగెను. లోపాయికారీ ఒప్పందములును తొలగెనని మాత్రము నేను పూచీపడజాలను.

2015లో పెట్టుబడి బజారు నియంత్రణ సంస్థయగు సెబీ నియమావళి వెలువడుటతో ఋణపత్రములు మరల ఊపందుకొనెను. 2017లో పుణె నగరము నీటి పథకమునకై 200 కోట్లను నూటికి 7.59 వడ్డీకి తెచ్చెను. హైదరాబాదు మహానగరపాలక సంస్థ ఆస్తిపన్ను రాబడిని హామీగా నిలిపి, వంతెనల నిర్మాణమునకై 2018 ఫిబ్రవరిలో 200 కోట్లను 8.90కిని, ఆగస్టులో 195 కోట్లను 9.38కిని, మరుసటియేడు 100 కోట్లను 10.23కిని తెచ్చుకొనెను. ఏడాదిన్నరలో వడ్డీ యింత పెరుగుటకు నగరము నొక్కదానినే తప్పుపట్టరాదు, మౌలిక వసతులకు అప్పులిచ్చు ఐ.ఎల్. అండ్ ఎఫ్.ఎస్. సంస్థ 2018లో బాకీలు తీర్చలేక కూలినది మొదలు ఋణదాతలే బెదరియుండిరి.

ఆ 2018 ఆగస్టులోనే ఆంధ్రప్రదేశ్ క్రొత్త రాజధానియగు అమరావతి నిర్మాణమునకై రాజధాని ప్రాంతాభివృద్ధి సంస్థ 2,000 కోట్లను 10.32 వడ్డీకి తెచ్చెను. ఇచట నాకా లేదు, ఆస్తిపన్ను లేదు, నగరమే యింకను లేదు. కావున కథ తిరిగి తొలిచోటికే, రాష్ట్రపు హామీకే వచ్చెను. 2019లో ప్రభుత్వము మారగా పనులు నిలిచెను, గుత్తదారులు యంత్రములను తరలించుకొనిపోయిరి, సగము లేచిన గోడల నడుమ తుమ్మ మొలచెను. 2024లో ప్రభుత్వము మరల మారిన పిమ్మట పాత గుత్తలను రద్దుచేసి, క్రొత్త ధరల పట్టికతో మరల టెండర్లు పిలువవలసివచ్చెను; ఋణపత్రముల వడ్డీ మాత్రము ఈ నడుమ నెన్నడును నిలువక, మూడుమాసముల కొకతూరి పడుచునే యుండెను.